కాలు చాపేంత దూరం

హిందూపురంలో బిగించుకుని, పెనుకొండ దగ్గర జారిపోయి, ధర్మవరంలో కుదురుకున్న రెండు ఇనుప ముక్కల ముచ్చట

“హైవే పెగ్గా సార్? పొద్దున్నేనా?”

డబ్బా మీది పేరు కూడబలుక్కుని చదివిన షెడ్డు పిల్లోడు అడిగిన మొదటి మాట అది. పక్కన టీ తాగుతున్న ఇద్దరూ పగలబడి నవ్వారు. నవ్వరా మరి! మా హిందూపురంలో పెగ్గు అంటే ఒకటే అర్థం. జాతీయ రహదారికి 500 మీటర్ల లోపల మందు దుకాణం కనబడకూడదని 2016 డిసెంబరులో సుప్రీంకోర్టు చెప్పింది. చిన్న ఊళ్ళకు ఆ దూరాన్ని మరుసటి ఏడాది 220 మీటర్లకు తగ్గించింది. ఎన్ని మీటర్లు జరిపినా హైవేకీ పెగ్గుకీ ఉన్న చుట్టరికం మాత్రం జనం నోట్లోంచి పోలేదు.

డబ్బా విప్పితే బయటపడ్డవి వేరే సరుకు. బెత్తెడు పొడవున్న రెండు ఫుట్ రెస్టులు, పైన నల్ల రబ్బరు తొడుగు. పైపును కరిచి పట్టుకునే రెండు క్లాంపులు. నాలుగు బోల్టులు, ఒక ఎల్ కీ. మెకానిక్ భాయ్ చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూశాడు. “నడిపేవాళ్ళకి రెండుండాయి. ఎనక కూచునేవాళ్ళకి రెండుండాయి. ఇప్పుడియ్యి రెండు. మనిషికి కాళ్ళు రెండే కదా సార్, బండికి జెర్రికాళ్ళు పెడ్తాండావే!”

నేను సమాధానం చెప్పలేదు. కుడి మోకాలు చెప్పాలి దానికి సమాధానం.

పని పోయిన కాలు

వారానికోసారి నేను అనంతపురం పోయి రావాలి. 2022 ఏప్రిల్ 4న శ్రీసత్యసాయి జిల్లా వచ్చి, హిందూపురం, పెనుకొండ, ధర్మవరం మూడూ పుట్టపర్తి కిందికి మారిపోయాయి గానీ నా పని అనంతపురంలోనే మిగిలిపోయింది. బస్సుంది, రైలుంది. అయినా బండి మీద పోవడమే నాకిష్టం. 350 సీసీ బండి, నిటారుగా కూర్చునే సీటు. మోకాళ్ళు దాదాపు మూలమట్టంగా వంగి, పాదాలు సరిగ్గా నడుం కిందికి వస్తాయి. ఊళ్ళో అంతకంటే మంచి కూర్పు లేదు. సోమందేపల్లి దగ్గర హైవే ఎక్కాక నలభై నిమిషాలకు మాత్రం మోకాలి చిప్ప వెనకాల ఎవరో వేలు పెట్టి నొక్కుతున్నట్టు మొదలవుతుంది.

ఇదే దారిలో ఇరవై ఏళ్ళ కింద ఈ నొప్పి లేదు. వయసు అనకండి, దాని లెక్క వేరే ఉంది. అప్పట్లో ఇది ఏడో నంబరు రోడ్డు. వారణాసి నుంచి కన్యాకుమారి దాకా పోయేది. మా దగ్గర రెండు వరుసలే. ముందర లారీ, ఎదురుగా బస్సు, పక్కన ఎద్దులబండి. గేరు దించు, బ్రేకు తొక్కు, గేరు ఎత్తు, మళ్ళీ దించు. అనంతపురం చేరేసరికి చేతులు, కళ్ళు, ప్రాణం అన్నీ అలిసేవి. కాలు మటుకు అలిసేది కాదు, ఎందుకంటే అది ఊరికే ఉండేది కాదు. 2010లో నంబర్లు మార్చినప్పుడు శ్రీనగర్ నుంచి కన్యాకుమారి దాకా అంతా కలిపి 44 అన్నారు. రోడ్డు నాలుగు వరుసలయింది, మధ్యలో గన్నేరు చెట్లొచ్చాయి. ఇప్పుడు ఒకసారి అయిదో గేరు పడిందంటే మరూరు టోల్ గేటు దాకా కాలికి పని లేదు. అక్కడా మోటార్‌సైకిల్‌కు రుసుము లేదు, పక్క సందులోంచి జారిపోవడమే.

పిక్క కండరం ముడుచుకుని విప్పుకుంటూ ఉంటేనే కాళ్ళలోకి దిగిన రక్తం గుండె వైపు ఎక్కుతుంది. గంటసేపు ఒకే వంపులో బిగబట్టి కూర్చుంటే ఆ పంపు ఆగిపోతుంది. నాలుగు వరుసల రోడ్డు మాకు చేసిన మేలు తక్కువది కాదు గానీ, కాలి ఉద్యోగం మటుకు ఊడగొట్టింది.

జనం దీనికి ఎప్పుడో ఉపాయం కనిపెట్టారు. మా పక్క రైతులు, వ్యాపారులు బుల్లెట్ మీద పోతూ లెగ్ గార్డ్ మీద చెప్పుకాళ్ళు ఆనించి పోవడం నేను చిన్నప్పటి నుంచి చూస్తున్నదే. మా చిన్నాన్న అలాగే పోయేవాడు. పాత బుల్లెట్లకు గేరు కుడికాలికి, బ్రేకు ఎడమకాలికి ఉండేవి. రెండు కాళ్ళూ గార్డు మీద పెట్టి, ఎదురుగా గొర్రెల మంద కనబడితే ఏ కాలు దేనికో ఒక్క క్షణం తడుముకునేవాడు. గుండ్రటి పైపు మీద చెప్పు జారుతుంది, వాన పడితే మరీనూ. ఆయన జారలేదు, అదృష్టం.

విడిగా కొని బిగించుకునే ఫుట్ రెస్టులు కూడా ఉంటాయని నాకు తెలిసింది లేపాక్షిలో. ఆదివారం పొద్దున ఎనిమిదింటికి నంది దగ్గర నిలబడితే బెంగళూరు నుంచి వచ్చిన బండ్లు వరసగా ఆగి ఉంటాయి. కొడికొండ చెక్‌పోస్టు దగ్గర హైవే దిగి వచ్చేస్తారు. వాళ్ళు గుళ్ళోకి పోయి వేలాడే స్తంభం కింద గుడ్డ దూర్చి, సీతమ్మ పాదం చూసి వచ్చేలోపల, నేను బయట వాళ్ళ పాదాలు పెట్టే చోట్లు చూస్తూ నిలబడ్డాను. నాలుగు బండ్లలో ఒకదానికైనా లెగ్ గార్డ్‌కు బిగించిన ఇంకో జత ఉంది. అమెరికాలో నిడుపాటి రోడ్ల మీద హార్లే డేవిడ్‌సన్ లాంటి పెద్ద బండ్లకు పుట్టిన అలవాటు ఇది. అక్కడి రోడ్డు మీద బర్రెలు అడ్డం రావు. ఈ సంగతి తర్వాత పనికొస్తుంది, గుర్తు పెట్టుకోండి.

మూడున్నర మిల్లీమీటర్లు

భాయ్ మొదట చేసిన పని నా ఫుట్ రెస్టులను పక్కన పెట్టేయడం. పానా తీసుకుని లెగ్ గార్డ్‌నే పరీక్షించాడు. ఛాసీకి పట్టించిన పై బోల్టు, కింది బోల్టు రెండూ తిప్పి చూశాడు. వెల్డింగ్ అతుకుల దగ్గర గుడ్డతో తుడిచి వేలితో తడిమాడు. “ఇది ఊగితే దానికి కట్టింది కూడా ఊగుతాది సార్. గోడ పడిపోతాంటే మేకు మంచిదైతే ఏం లాభం?” కింది బోల్టు అరచుట్టు వదులుంది. నాలుగేళ్ళుగా ఆ గార్డు నన్ను కాపాడుతుందనుకుంటూ తిరిగాను.

ఆ తర్వాత వెర్నియర్ తెచ్చి పైపు చుట్టూ పట్టాడు. 25 మిల్లీమీటర్లు. క్లాంపు లోపల పెట్టి చూస్తే 32. పెద్ద బండ్ల గార్డు పైపు ఒకటింబావు అంగుళం మందం ఉంటుంది, అంటే దాదాపు 32 మిల్లీమీటర్లు. అమ్మకానికి వచ్చే క్లాంపుల్లో చాలావాటికి ఆ పైపే కొలత. మన పైపులు బక్కవి. డబ్బాలో ఈ తేడాను పూడ్చడానికి రెండు రబ్బరు పట్టీలు ఇచ్చారు, వాటిని చుడితే సరిపోతుందని బొమ్మ కూడా గీశారు. షెడ్డు పిల్లోడు అప్పటికే ఒక పట్టీ చుట్టేస్తున్నాడు. భాయ్ వాడి చేతిలోంచి లాగేశాడు.

“రబ్బరు మెత్తన. ఇప్పుడు బిగుస్తాది. ఎండకి, ఇంజను కాకకి, కాలి బరువుకి నలిగి వారంలో పల్చబడతాది. అప్పుడు క్లాంపు గుండ్రం తిరుగుతాది. మనకి కావాల్సింది గట్టి బుష్షు.”

32లోంచి 25 తీస్తే 7. రెండు పక్కలా పంచితే మూడున్నర. ఆ మందంతో అల్యూమినియం బుష్షులు రెండు కావాలి. రెండు షాపుల అవతల లేత్ మిషన్ ఉంది. కడ్డీని చక్‌లో బిగించి తిప్పుతుంటే వెండి దారాల్లా పొట్టు రాలింది. లేత్ ఆయన లోపలి కంత 25కి తీశాడు, బయటి చుట్టును మాత్రం 32కి వెంట్రుకవాసి ఎక్కువ ఉంచాడు. “సమంగా కోస్తే కరవదు” అన్నాడు. ఆ తర్వాత బుష్షును నిలువునా రంపంతో రెండు దొప్పలుగా కోశాడు. రంపం తిన్న మేర రెండు పక్కలా సన్నటి సందు వస్తుంది కదా, అదే ముఖ్యం. బోల్టు బిగిస్తున్నకొద్దీ దొప్పలు దగ్గరికి జరిగి పైపును కరుస్తాయి. సందు లేకుండా అంచుకు అంచు తగిలితే ఎంత బిగించినా పైపు మీద పట్టు పడదు. నూట యాభై రూపాయలు తీసుకున్నాడు. నేను ఆన్‌లైన్‌లో పెట్టిన పద్దెనిమిది వందల కంటే ఆ నూట యాభైకే విలువ ఎక్కువ.

ఇంత పట్టింపు ఎందుకో లెక్క చూస్తే అర్థమవుతుంది. పైపు నుంచి 10 సెంటీమీటర్లు బయటికి ఉన్న ఫుట్ రెస్టు మీద కాలు 15 కిలోల బరువు మోపిందనుకోండి. అది క్లాంపును పైపు చుట్టూ తిప్పడానికి దాదాపు 15 న్యూటన్ మీటర్ల బలం. రోడ్డు మీద ఒక గుంత తగిలితే అది క్షణంపాటు రెట్టింపు కావచ్చు. దీన్ని ఆపేది పైపుకీ క్లాంపుకీ మధ్య ఉన్న ఒరిపిడి ఒక్కటే. వేరే తాళం లేదు, చిలుక లేదు. చేయి ఎంత పొడుగైతే తిప్పే బలం అంత ఎక్కువ, అందుకే వయ్యారంగా పొడుగు చేతులతో వచ్చే ఫుట్ రెస్టులు చూడ్డానికే బాగుంటాయి.

బుష్షులు వచ్చాక భాయ్ బండిని సెంటర్ స్టాండ్ వేసి నన్ను ఎక్కించాడు. “కండ్లు మూసుకో సార్. కాళ్ళు చాపు. యాడికి పోతాయో పోనీ.” సిగ్గేసింది గానీ మూసుకున్నాను. కాళ్ళు ముందుకు పోయి గాల్లో ఒకచోట ఆగాయి. కదలొద్దని పిల్లోడి చేత మడమల ఎత్తున రెండు పక్కలా గార్డు పైపు మీద సుద్దతో గీతలు పెట్టించాడు. ఎడమ గీత కంటే కుడి గీత ఒక అంగుళం పైన ఉంది. నా కాళ్ళు సమానం కావని యాభై రెండేళ్ళకు తెలిసింది. భాయ్ మధ్యస్థంగా సర్ది, కింది బోల్టు నుంచి టేపు పెట్టి రెండు పక్కలా ఒకే కొలత తీసి సుద్ద గీతను అక్కడికి మార్చాడు. మోకాలు పూర్తిగా నిటారు కాకూడదు, కొంచెం వంపు మిగలాలి. నిటారు కాలికి గుంత తగిలితే దెబ్బ సూటిగా నడుముకు పోతుంది.

తర్వాత ఒక్కొక్కటీ. హ్యాండిల్ ఈ కొసకూ ఆ కొసకూ తిప్పి దేనికీ తగలడం లేదని చూశాడు. కుడి పక్క సైలెన్సర్ బెండుకు నా ప్యాంటు అంచు ఎంత దూరముందో వేళ్ళతో కొలిచాడు. మడత దిశ దగ్గర ఎక్కువసేపు ఆగాడు. ఫుట్ రెస్టు పైకీ వెనక్కీ మడవాలి. బండి పడ్డప్పుడు రోడ్డు తగిలి తనంత తానే ముడుచుకోవాలి. మడవకుండా మొండిగా నిలబడితే అదే గడ్డపార అయి గార్డును వంచేస్తుంది, వంగిన గార్డు ఇంజను మీదికో కాలి మీదికో వస్తుంది. నా డబ్బాలోవి పొరపాటున తిరగేస్తే కిందికి మడిచేలా కూడా పట్టేవి. బొమ్మలో అది చెప్పలేదు.

బిగింపు చివరికొచ్చింది. ఎనిమిదో సైజు బోల్టులు, క్లాంపుకు రెండేసి. మరల మీద నీలం రంగు లాక్ మందు రెండు చుక్కలు వేశాడు. అది వణుకుకు బోల్టు వదులు కాకుండా పట్టి ఉంచుతుంది, పానా పెడితే మాత్రం వస్తుంది. ఒక బోల్టు కొంచెం, రెండోది కొంచెం, మళ్ళీ మొదటిది. క్లాంపు రెండు పెదాల మధ్య సందు రెండు పక్కలా ఒకేలా ఉండేదాకా అలా మార్చి మార్చి తిప్పాడు. ఈ సైజుకు 20 న్యూటన్ మీటర్లు చాలు. కొలత చూపే పానా ఆ షెడ్డులో లేదు, భాయ్ మణికట్టే ఆ పానా. ఎల్ కీని చేత్తోనే బిగించాడు, కొసకు గొట్టం తొడిగి తిప్పలేదు. “బలముంది కదా అని బిగిస్తే మర పోతాది.” అంతకుముందు వేరే ఊళ్ళో వేరే పనికి వెళ్ళినప్పుడు నా బండి బోల్టుకు ఒకరు అలాగే మర పోగొట్టారు. ఎవరో, ఎక్కడో చెప్పను. ఆ రంధ్రం మాత్రం ఇప్పటికీ నా కంట్లో ఉంది.

“యాభై కిలోమీటర్లు తిరిగినాక ఒకసారి చూసుకో సార్. బుష్షు కుదురుకుంటాది, వదులైతాది” అన్నాడు భాయ్ డబ్బులు తీసుకుంటూ. తల ఊపాను. ఎల్ కీ మాత్రం ఇంట్లో డ్రాయర్లో పెట్టేశాను.

కుంభకర్ణుడి ఊరు

ఆ ఆదివారం ధర్మవరం పోవాల్సి ఉంది. బామ్మర్ది కూతురి పెళ్ళి దగ్గర పడింది. మా ఆవిడ వెనక కూర్చుంటూ కొత్త ఫుట్ రెస్టులు చూసి, “మీకేనా కాళ్ళున్నది? నాకేది?” అంది. న్యాయమైన ప్రశ్నే. నిజానికి మన చట్టంలో ముందు కూర్చున్నవాడి కాళ్ళకంటే వెనక కూర్చున్నవాళ్ళ కాళ్ళకే గౌరవం ఎక్కువ. 1989 కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో 123వది చదవండి. వెనక మనిషి పట్టుకోవడానికి పిడి, కాలు పెట్టుకోవడానికి ఫుట్ రెస్టు, బట్టలు చక్రంలో పడకుండా వెనక చక్రం సగానికి తక్కువ కాకుండా కప్పే అడ్డు లేనిదే బండి తయారు కాకూడదు. మనం చీర గార్డు అంటామే, అదే. ధర్మవరం పట్టుచీరల దేశంలో ఆ నిబంధనకున్న విలువ వేరే చెప్పాలా? ఇక మనం బిగించుకునే అదనపు సరుకు సంగతికొస్తే, మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ పట్టించుకునేది ఆర్‌సీలో రాసిన వివరాలు మారిపోయే మార్పులను. ఫుట్ రెస్టు ఆర్‌సీలోకి ఎక్కే వివరం కాదు. అలాగని హ్యాండిల్ వెడల్పు దాటి బయటికి పొడుచుకొచ్చేలా పెట్టుకుంటే పోలీసు కంటే ముందు పక్కవాడి మోకాలే అడ్డుకుంటుంది. మా గాంధీ బజారు లాంటి రద్దీలో మడిచి పెట్టుకోవడమే మర్యాద.

సోమందేపల్లి దాటి బండి 80లో నిలకడ పడ్డాక ఒక కాలు, తర్వాత ఇంకో కాలు ముందుకు పెట్టాను. మోకాళ్ళు విచ్చుకున్నాయి. ప్యాంటు గొట్టాల్లోంచి గాలి పైకి ఎక్కింది. పాతికేళ్ళ కింద ఇంటి అరుగు మీద కాళ్ళు చాపుకుని మజ్జిగ తాగిన సుఖం. పది నిమిషాలు ఈ లోకంలో లేను.

పెనుకొండ దగ్గరి ఎర్రమంచిలో కియా కర్మాగారం ఉంది. 2019లో అక్కడ కార్లు బయటికి రావడం మొదలైనప్పటి నుంచి ఈ దారి రూపు మారింది. దారి పక్కన కొరియా అక్షరాల బోర్డులు, రోడ్డు మీద కార్లు మోసే పొడుగాటి ట్రెయిలర్లు. వాటిని దాటేటప్పుడు గాలి ఒక్కసారి మింగి, ముందుకు రాగానే ఉమ్ముతుంది. కాళ్ళు చాపి ఉంటే ఆ తోపుకు బండిని మోకాళ్ళతో పట్టుకోలేం. ట్యాంకును తొడలు కరిచి పట్టడమనే పని ఒకటుందని అప్పుడే గుర్తొచ్చింది. ట్రెయిలర్ కనబడగానే కాళ్ళు వెనక్కి తీసుకోవడం మూడో ట్రెయిలర్‌కు అలవాటైంది.

అలవాటు కానిది ఇంకొకటి. డివైడర్ తెగిన చోట రాంగ్ రూట్లో ఒక ట్రాక్టరు తీరిగ్గా వచ్చింది. 80 వేగం అంటే సెకనుకు 22 మీటర్లు. ముందున్న కాలు వెనక్కి వచ్చి, ఫుట్ రెస్టు వెతుక్కుని, వేళ్ళు బ్రేకు మీద వాలడానికి సెకను పడుతుంది. ఆ సెకనులో బండి ఒక పెద్ద ఇంటి ఆవరణంత దూరం పోతుంది. ముందు బ్రేకు చేతిలోనే ఉంది, ఎక్కువగా ఆపేది కూడా అదే. అయినా వెనక బ్రేకు లేని ఆ 22 మీటర్లు గుండెకు బాగా తెలిసింది. ట్రాక్టరాయన చేయి ఊపి పోయాడు. మా ఆవిడ వీపు మీద ఒక్కటి చరిచింది.

అప్పటి నుంచి నాకొక కట్టుబాటు. కనుచూపు మేర ఖాళీగా ఉంటేనే కాలు ముందుకు. ఊరు, డివైడర్ సందు, మంద, బస్టాపు, ఇంకో బండి, వీటిలో ఏది కనబడినా కాలు ఇంటికి. రాత్రయితే అసలు లేదు. ఇలా లెక్కేస్తే మా దారిలో కాలు చాపే సుఖం గంటకు పావుగంట వస్తుందేమో. ఆ పావుగంట చాలు. మోకాలికి కావాల్సింది వంపు మారడమే.

పెనుకొండ కొండ కనబడుతుండగా ఎడమ పాదం కిందికి దిగింది. చూస్తే ఫుట్ రెస్టు నేలచూపు చూస్తోంది. క్లాంపు తిరిగింది. యాభై కిలోమీటర్ల గడువు ఇంకా నిండలేదు గానీ, గుంతలో పడ్డప్పుడు నేను దాని మీద కొంచెం లేచినట్టు గుర్తు. అది తప్పు. సీటు కింది అసలు ఫుట్ రెస్టు మనిషి నిలబడడానికి చేసింది, ఇది మడమ ఆనించడానికి మాత్రమే. పూర్వం గుర్రపు రౌతుకు రికాబు ఉండేది, దాని మీద నిలబడి కత్తి తిప్పేవాడు. అరబ్బుల దగ్గర, పోర్చుగీసుల దగ్గర గుర్రాలు కొన్న విజయనగర రాజులు, 1565 యుద్ధంలో ఓడాక రాజధానిని తెచ్చి పెట్టుకున్నది ఈ పెనుకొండలోనే. ఆ కోట నీడలో నేను రికాబుకూ దీనికీ తేడా నేర్చుకున్నాను.

బండిని ఊళ్ళోకి తిప్పాం. కుంభకర్ణుడి విగ్రహం దగ్గర ఆపాను. ఆయన కాళ్ళు చాపుకుని పడుకుని ఉంటాడు, ఒంటి మీద బోలెడంత మంది లేపుతుంటారు, లేవడు. మా ఆవిడ ఆయన్నీ నన్నూ మార్చి మార్చి చూసింది. ఏమీ అనలేదు, అదే ఎక్కువ. ఎల్ కీ డ్రాయర్లో ఉంది కదా. పంక్చర్ షాపులో అడిగితే ఆ అబ్బాయి నాలుగు సైజులు పెట్టి చూసి ఒకటి పట్టించాడు. ఫుట్ రెస్టు పైకెత్తి, సుద్ద గీత ఇంకా మిగిలి ఉంటే దానికి సరిచేసి, రెండు బోల్టులూ మార్చి మార్చి బిగించాం. పది రూపాయలిస్తే తీసుకోలేదు. ఆ సైజు ఎల్ కీ ఒకటి అతని దగ్గరే కొనుక్కుని జేబులో వేసుకున్నాను.

కాలికి తవ్విన గుంట

చెన్నేకొత్తపల్లి మీదుగా ధర్మవరం చేరేసరికి పదకొండు. బామ్మర్ది మగ్గం గుంటలో ఉన్నాడు. చేనేత మగ్గం చూసినవాళ్ళకు తెలుసు. నేసే మనిషి నేల మట్టాన కూర్చుంటే కాళ్ళు గుంటలోకి దిగి ఉంటాయి. కింద రెండు చెక్కలు. ఒకటి తొక్కితే పడుగులో సగం దారాలు లేస్తాయి, నాడె ఇటు నుంచి అటు పోతుంది. రెండోది తొక్కితే మిగతా సగం. చూసేవాళ్ళ కళ్ళు చేతుల మీద, చీర మీద ఉంటాయి. చీర పుట్టేది మాత్రం ఆ గుంటలోని చీకట్లో, పాదాల కింద. పొద్దున్నుంచి సాయంత్రం దాకా అవి ఆగవు.

మా మామ పొడుగు మనిషి, ఆ గుంట ఆయన కాలికి తవ్వింది. బామ్మర్ది పొట్టి. మామ పోయాక గుంటలో ఒక పలక వేసి నేల ఎత్తు పెంచుకున్నాడు, తొక్కే చెక్కల తాళ్ళు నాలుగు వేళ్ళు కురచ చేసుకున్నాడు. ఇప్పుడు కొడుకు కూర్చున్నప్పుడు ఆ పలక తీసేయాలి. కొడుకు మాత్రం కూర్చోనంటున్నాడు, కియా వైపు ఏదో ఉద్యోగం చూసుకుంటున్నాడు.

“నీకు మోకాళ్ళు నొయ్యవా?” అని అడిగాను.

“నడుము పోతాది బావా. కండ్లు పోతాయి. కాళ్ళదేముంది, అయ్యి పనిలో ఉంటాయి కదా.”

పక్క వీధిలో మరమగ్గం చప్పుడు వినబడుతోంది. దానికి కాళ్ళు అక్కర్లేదు, మోటారు తొక్కుతుంది. కొన్ని రకాలను చేనేతకే కేటాయిస్తూ 1985లో చట్టం చేశారు, చీర ఆ జాబితాలో ఉంది. ఆ మాటే అన్నాను. “చట్టంలో ఉండాది బావా” అని నాడె విసిరాడు. ఇంకో మాట అనలేదు.

భోజనాలయ్యాక బయటికి వచ్చి బండి ఎక్కి కూర్చున్నాడు. కాళ్ళు చాపాడు. మడమలు కొత్త ఫుట్ రెస్టులకు జానెడు ఇవతలే ఆగిపోయాయి. ఇంకొంచెం సాగదీస్తే నడుము సీటులోంచి ముందుకు జారింది. దిగి, కిందికి వంగి క్లాంపును, దొప్పలుగా కోసిన బుష్షును, సుద్ద గీతను చూశాడు. అరిగిపోయిన బొటనవేలితో సందును తడిమాడు.

“ఇది నీ కాలికి తవ్వుకున్న గుంట బావా. నాకు పలకెయ్యాల” అన్నాడు.

లోపల చీరలు పరిచారు. ఆడవాళ్ళ బేరం రెండు గంటలు నడిచింది. లేపాక్షి స్తంభాల మీది తీగలు దిగిన అంచు ఒకటి మా ఆవిడకు నచ్చింది, రంగు నచ్చలేదు. అదే అంచు మామిడిపండు రంగులో కావాలంటే ఇంకో మగ్గం మీద ఉందట, పది రోజులు ఆగాలట. ఆగుతామన్నాం. నేను బయటికి వచ్చి నీడలో కూర్చుని జేబులోంచి ఎల్ కీ తీశాను. పొద్దున్నుంచి తిరిగింది ఎనభై అయిదు కిలోమీటర్లు.

కుడి పక్క బోల్టు పావు చుట్టు తిరిగింది. ఎడమది కదల్లేదు.